వారంలో తెల్లబడితే అనుమానించండి

మీ ఇంట్లో అద్దం కింది సొరుగులోనో, ఫ్రిజ్ తలుపు అరలోనో సగం పిండిన ట్యూబు ఒకటి ఉండే ఉంటుంది. చదవడం మొదలుపెట్టే ముందు దాన్ని తెచ్చి పక్కన పెట్టుకోండి. అట్టపెట్టె కూడా ఉంటే మరీ మంచిది. ముందువైపు పెద్దక్షరాల పేరు వదిలేయండి. మెరిసిపోతున్న మొహం బొమ్మ ఉంటే దాన్నీ వదిలేయండి. వెనక్కి తిప్పి, కంటికి ఆనీ ఆనని అక్షరాల్లో ఏం రాసుందో చూడండి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకున్నా సరే.

హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మోమెటాసోన్ 0.1 శాతం. మంగు మచ్చలకని మెడికల్ షాపులో అడిగితే చేతికొచ్చే ట్యూబుల్లో చాలావాటి మీద ఈ మూడు పేర్లే ఉంటాయి. ఎడమ పక్కన నిలువుగా ఒక ఎర్ర గీత కూడా ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆ గీతకు అర్థం. "మచ్చలకా అక్కా? ఇది తీస్కోండి, అందరూ ఇదే పట్టుకెళ్తారు" అంటూ ట్యూబు కౌంటర్ మీద పెట్టే కుర్రాడు ఆ గీత పట్టించుకోడు. కొనేవాళ్లం మనమూ పట్టించుకోం.

తెచ్చి రాస్తాం. పది రోజుల్లో మొహం తేటపడుతుంది. "ఏం వాడుతున్నావే, కళ వచ్చేసింది" అని పక్కింటి వదిన అడుగుతుంది, ఆవిడకీ ఒక ట్యూబు. మూడు నెలలు గడిచాక ఇక చాల్లే అని మానేస్తే వారం తిరక్కుండా మచ్చ తిరిగొస్తుంది. ఈసారి ఒంటరిగా రాదు, మంటనీ ఎర్రదనాన్నీ వెంటేసుకొస్తుంది. మళ్లీ రాస్తే తగ్గుతుంది, మానితే వస్తుంది. ఏళ్ల తరబడి ఇదే వరస.

చర్మం రంగు వ్యవహారంలో నేను అందరికీ చెప్పే మాట ఒకటే: తొందరగా పనిచేసిన క్రీమ్‌నే ముందు అనుమానించాలి. కారణం చర్మం పని తీరులోనే ఉంది. చర్మం పైపొర అడుగున మెలనోసైట్లనే కణాలుంటాయి. టైరోసినేజ్ అనే ఎంజైమ్ సాయంతో ఇవి మెలనిన్ తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచిపెడతాయి. రంగు నింపుకున్న ఆ కణాలు పైకొచ్చి రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. ఏ మందైనా చేయగలిగేది రెండే: కొత్త రంగు తయారీని తగ్గించడం, ఉన్న రంగు త్వరగా రాలేలా చూడటం. కాబట్టి నికరంగా పనిచేసే మందు ఫలితం కంటికి కనిపించాలంటే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వారంలో మొహం మారిపోయిందంటే అందులో స్టెరాయిడైనా ఉండాలి, పాదరసమైనా ఉండాలి, లేదంటే ఫోన్‌లో ఫిల్టరైనా ఉండాలి.

అన్ని నలుపులూ మంగు కావు

మంగు బుగ్గల మీద, నుదుట, ముక్కు మీద, పైపెదవి మీద రెండు వైపులా ఇంచుమించు ఒకే తీరుగా పరుచుకుంటుంది. దురద ఉండదు, పొలుసు రాలదు. కడుపుతో ఉన్నప్పుడు మొదలవడం, గర్భనిరోధక మాత్రలతో రావడం మామూలే. తల్లికుంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. మగవాళ్లకూ వస్తుంది, కాకపోతే ఎండకు కమిలిందనుకుని ఏళ్లు గడిపేస్తారు.

మొటిమ మానాక మిగిలే మచ్చ వేరు. అక్కడ వాపు వల్ల రంగు దిగింది. మొటిమలు వస్తూనే ఉంటే మచ్చలకు మందు రాసి లాభం లేదు, ముందు వాటిని ఆపాలి. వీపు మీద, ఛాతీ మీద సన్నటి పొట్టుతో కనిపించే శోభి ఫంగస్ వల్ల వస్తుంది. దానికి ఫంగస్ మందే రాయాలి.

మెడ వెనక, చంకల్లో చర్మం మందంగా, ముడతలు పడి నల్లబడితే అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి చాలాసార్లు అదొక గుర్తు. పెళ్లి సంబంధాలు చూస్తున్న పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టి, శనగపిండి పెట్టి, మెడ ఎర్రబడేదాకా పీచుతో తోమే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. ఆ పిల్లకు కావలసింది షుగర్ పరీక్ష, కాస్త బరువు తగ్గడం. పైగా ఆ తోముడు వల్లే వచ్చే నలుపు మరొకటుంది. మెడ కింది ఎముక మీద, భుజాల మీద, వెన్నుపూసల వెంబడి, ఎముక పొడుచుకొచ్చిన చోటల్లా గోధుమరంగు పట్టీలు కడుతుంది. పోలేదని ఇంకా గట్టిగా రుద్దుతారు, ఇంకా నల్లబడుతుంది. పీచు పారేయడమే దానికి మొదటి వైద్యం.

జుట్టుకు రంగేసేవాళ్లకు నుదుటి అంచున, చెవుల ముందు, మెడ పక్కల బూడిద కలిసిన నలుపు దిగుతుంటే హెయిర్ డైలోని పీపీడీని అనుమానించాలి. డై ఆపకుండా ఎంత ఖరీదైన క్రీమ్ రాసినా దండగే. బొట్టుబిళ్ల కింద చర్మం నల్లబడినా, తెల్లబడినా బిళ్ల వెనక జిగురును చూడాలి. చికున్‌గున్యా తర్వాత కొందరికి ముక్కు మీద నల్లగా మచ్చ దిగుతుంది. 2005–06లో ఆ జ్వరం మన ఊళ్లను మంచాన పడేసినప్పుడు ఇలాంటి ముక్కులు చాలా కనిపించాయి. సాధారణంగా కొన్ని నెలల్లో అది దానంతటదే పలచబడుతుంది. ఆలోగా రాసుకున్న క్రీమ్‌కు ఉచితంగా మంచిపేరొస్తుంది.

ముందు ఎండ సంగతి

ఎండ నుంచి కాపాడుకోకుండా మంగుకు మందు రాయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. రాత్రి రాసిన క్రీమ్ నెలరోజుల్లో తగ్గించినదాన్ని ఒక్క ఆదివారం మధ్యాహ్నపు ఎండ తిరిగి తెచ్చేయగలదు. మంగున్న చోట మెలనోసైట్లు చిన్న సాకు దొరికినా రంగు కుమ్మరిస్తాయి.

సన్‌స్క్రీన్ వాడుతున్నామనే చాలామంది నిజానికి దాన్ని తగినంత వాడటం లేదు. చూపుడువేలు, మధ్యవేలు చాపి, రెండింటి పొడవునా మొదలు నుంచి కొస దాకా క్రీమ్ గీతలా పిండండి. మొహానికీ మెడకీ సరిపడే కొలత అది, దాదాపు ఒక గ్రాము. ఐదు చుక్కలు పెట్టుకుని పులిమేస్తే డబ్బా మీదున్న ఎస్‌పీఎఫ్ 50 మొహం మీదికి రాదు. లెక్క సరిచూసుకోవడం తేలిక. రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు నెల కూడా రాకూడదు. మూడు నెలలు వచ్చిందా, మీరు రాసింది సన్‌స్క్రీన్ వాసన మాత్రమే.

ఎస్‌పీఎఫ్ చెప్పేది ముఖ్యంగా యూవీబీ కిరణాల గురించి. యూవీఏ కోసం పీఏ పక్కన ప్లస్ గుర్తులు చూడాలి, మూడుకు తగ్గకూడదు. యూవీఏ అద్దంలోంచి కూడా లోపలికొస్తుంది కాబట్టి కారులోనో, ఆఫీసు కిటికీ పక్కనో కూర్చునేవాళ్లు నీడలో ఉన్నాం కదా అనుకోకూడదు. ఇంకో చిక్కుంది. మన చాయ చర్మాల్లో మంగును రెచ్చగొట్టేది అతినీలలోహిత కిరణాలు మాత్రమే కాదు, మామూలుగా కంటికి కనిపించే వెలుతురు కూడా. రాస్తే కనపడకుండా కలిసిపోయే సన్‌స్క్రీన్లు ఆ వెలుతురును పెద్దగా ఆపలేవు. లేత మట్టిరంగులో ఉండే టింటెడ్ రకాల్లోని ఐరన్ ఆక్సైడ్లు ఆపుతాయి. మంగున్నవాళ్లు డబ్బులు పెట్టి కొనదగ్గ వస్తువు ఏదైనా ఉందంటే నా లెక్కలో మొదటిది అదే.

ఈ ఖర్చు అందరికీ కుదిరేది కాదని తెలుసు. మిరప కోతలకెళ్లే ఆడవాళ్లు ఘాటుకీ ఎండకీ కలిపి మొహానికి చుట్టుకునే గుడ్డ ఏ సన్‌స్క్రీన్‌కూ తీసిపోదు. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిల చున్నీ ముసుగూ మంచిదే. కాకపోతే ఎండకేసి పట్టి చూసినప్పుడు వెలుతురు తోసుకొచ్చే పల్చటి షిఫాన్ అయితే ఉపయోగం తక్కువ, నేత దట్టంగా ఉన్న ముదురు రంగు నూలు గుడ్డ మేలు. గొడుగు పట్టుకోవడానికి మొహమాటపడే మగవాళ్లు టోపీ పెట్టుకోవచ్చు. పొయ్యి సెగ కూడా మంగుకు పడదు. గంటల తరబడి వంట దగ్గర నిలబడేవాళ్లు మూకుడు మీదికి వంగకుండా ఉండటం, మధ్యమధ్యలో మొహం చల్లటి నీళ్లతో కడుక్కోవడం చేయదగిన పనులు.

1975

రంగు తగ్గించే మందుల కథలో 1975 విచిత్రమైన ఏడాది. ఆ ఏడాది అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఐజాక్ విలిస్ అనే వైద్యులు హైడ్రోక్వినోన్ 5 శాతం, ట్రెటినోయిన్ 0.1 శాతం, డెక్సామెథాసోన్ 0.1 శాతం కలిపిన సూత్రాన్ని ప్రకటించారు. మీ చేతిలోని ట్యూబుకు ముత్తాత అదే. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో ఫిండ్లే అనే వైద్యుడూ ఆయన సహచరులూ హైడ్రోక్వినోన్ క్రీములు ఏళ్ల తరబడి పూసుకున్న ఆడవాళ్ల బుగ్గలు నీలి నలుపుకు తిరిగి, సన్నటి గింజల్లా గరుకెక్కాయని రాశారు. ఓక్రోనోసిస్ అంటారు దాన్ని. తెలుపు కోసం రాసిన మందే తెచ్చిపెట్టిన ఆ నలుపు పోవడం చాలా కష్టం. మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్‌లీ మార్కెట్లోకి వచ్చిందీ 1975లోనే. మందు, దాని ప్రమాదం, తెలుపు మీద మోజును అమ్ముకునే వ్యాపారం మూడూ ఒకే ఏడాది కలిశాయి. 2020లో ఆ క్రీమ్ పేరులోంచి ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. పెళ్లిచూపుల్లో అడిగే ప్రశ్న మాత్రం అదే.

హైడ్రోక్వినోన్ విషమేమీ కాదు. టైరోసినేజ్‌ను అడ్డుకునే మందుల్లో మంగు మీద బాగా పనిచేసేది ఇప్పటికీ అదే. దాన్ని యూరప్ 2001లో సౌందర్య సాధనాల్లోంచి తీసేసింది, అమెరికా 2020లో చీటీ లేని అమ్మకాలు ఆపింది. రెండు చోట్లా డాక్టరు రాస్తే మాత్రం దొరుకుతుంది. అంటే ఇది ఫేస్ క్రీమ్ కాదు, మందు. రాత్రిపూట మచ్చ మీద మాత్రమే, పలుచగా, డాక్టరు చెప్పినన్నాళ్లు రాయాలి. సాధారణంగా మూడు నాలుగు నెలలు వాడాక విరామం ఇస్తారు. మొహమంతా పులిమితే మంచి చర్మం రంగు కూడా పలచబడి తేడా అలాగే ఉంటుంది. ట్యూబు మూత తీయగానే క్రీమ్ గోధుమరంగుకు తిరిగి కనిపిస్తే గాలి తగిలి మందు చెడిపోయిందని అర్థం, పారేయండి. మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ వాడేవాళ్లు రెండూ ఒకేసారి రాస్తే తాత్కాలికంగా నల్లమరక పడుతుంది. మంగు తగ్గుతుందని రాస్తే ఇదేంటని కంగారు పడేవాళ్లలో కొందరి సమస్య ఇదే.

అసలు గొడవ మీ ట్యూబు మీది మూడో పేరుతో, మోమెటాసోన్‌తో. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ రెండూ చర్మాన్ని మండిస్తాయి, ఆ మంట తగ్గడానికి కాస్త స్టెరాయిడ్ కలిపారు. 2002లో అమెరికాలో అనుమతి పొందిన మిశ్రమంలో ఉన్నది ఫ్లూయోసినోలోన్ 0.01 శాతం, తక్కువ బలమున్న స్టెరాయిడ్. దాన్ని కూడా ఎనిమిది వారాల లోపు వాడకానికే అనుమతించారు. మన ట్యూబుల్లోని మోమెటాసోన్ అంతకంటే బలమైనది, మనం వాడేది ఏళ్ల తరబడి. రాస్తూ పోతే చర్మం పలచబడి సన్నటి ఎర్ర నరాలు తేలుతాయి, పెదవి పైన, చుబుకం మీద వెంట్రుకలు పెరుగుతాయి, మొటిమలు గుంపులుగా లేస్తాయి, పొయ్యి దగ్గరికెళ్లినా ఎండ తగిలినా మొహం భగ్గుమంటుంది. మన దేశపు చర్మవైద్యులు దీన్ని స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న మొహం అని ప్రత్యేకంగా ఒక పేరుపెట్టి మరీ గుర్తించాల్సి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. ఆ ఎర్ర గీత కథ అదే.

మీ ట్యూబు మీద మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్, ఫ్లూయోసినోలోన్ అని ఏదైనా ఉండి, నెలల తరబడి రాస్తున్నట్టయితే ఇది చదివిన ఆవేశంలో ఇవాళే విసిరేయకండి. ఒక్కసారిగా మానితే మొహం మండిపోయి, తట్టుకోలేక మళ్లీ అదే రాసుకుంటారు. ట్యూబు చేతపట్టుకుని స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రైవేటు ఫీజు భారమైతే ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. ఎన్నాళ్లు వాడారో నిజం చెప్పండి. ఈ ఒక్క ప్రశ్నకు చాలామంది "అప్పుడప్పుడూ రాశానండీ" అంటారు, ఆ జవాబు డాక్టరుకే కాదు, మీ మొహానికీ ఉపయోగపడదు.

మిగతావి

స్టెరాయిడ్ లేని దారులున్నాయి. నెమ్మదిగా పనిచేసినా నాకు అందులో ఇష్టమైనది అజెలాయిక్ ఆసిడ్, 15 నుంచి 20 శాతం. మొదట్లో చిమచిమలాడుతుంది, కొద్దివారాల్లో అలవాటవుతుంది. మొటిమలకూ పనిచేస్తుంది. గర్భిణులు డాక్టరుని అడిగి వాడుకోదగ్గది కూడా. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కడుపుతో ఉన్నప్పుడు వద్దు. అప్పుడొచ్చిన మంగు కాన్పయ్యాక కొన్ని నెలల్లో చాలామందికి దానంతటదే తగ్గుతుంది కాబట్టి తొమ్మిది నెలలూ గొడుగు, సన్‌స్క్రీన్‌తో గడిపేయడం తెలివైన పని. నియాసినమైడ్, విటమిన్ సి, కోజిక్ ఆసిడ్, ఆర్బ్యుటిన్ తోడు వాయిద్యాలే, ఒక్కటే కచేరీ నడపలేవు.

ట్రానెగ్జామిక్ ఆసిడ్ మాత్రలు మంగు తగ్గిస్తున్న మాట నిజం. రక్తస్రావం ఆపడానికి పుట్టిన మందు అది. కాళ్లలోనో, ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు, గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లకు ప్రమాదం కావచ్చు. వాట్సాప్‌లో పేరు చూసి మింగేది కాదు. తెలుపు కోసం గ్లూటాథియోన్ ఇంజెక్షన్లు అమ్మే క్లినిక్కులు నగరాల్లో గల్లీకొకటి తయారయ్యాయి. చర్మం తెల్లబడటానికి ఏ ఇంజెక్షన్‌కూ అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ స్పష్టంగా చెప్పింది. పీల్స్, లేజర్ల గురించి ఒక్కమాట: అనుభవమున్న చేతిలో పనికొస్తాయి, తొందర చేతిలో మన రంగు చర్మాన్ని కాల్చి కొత్త నలుపు మిగులుస్తాయి. మంగుకు లేజర్ మొదటి మెట్టు కాదు.

లేబుల్ మీద కంపెనీ చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, పదార్థాల పట్టీ లేని క్రీమ్ జోలికి అసలు పోవద్దు. విదేశాల నుంచి తెచ్చామని ఆన్‌లైన్లో, ఫ్యాన్సీ షాపుల్లో అమ్మే వాటిలో పాదరసం దొరికిన సందర్భాలున్నాయి. కేరళ మలప్పురం జిల్లాలో 2021–23 మధ్య మూత్రపిండాల జబ్బుతో వచ్చినవాళ్లను పరీక్షిస్తే, ఒక అరుదైన రకం ఉన్న 15 మందిలో 13 మంది తెలుపు క్రీములు వాడినవాళ్లేనని తేలింది. మొహానికి రాసింది కిడ్నీకి చేరుతుందని ఎవరనుకుంటారు? మన నిబంధనల ప్రకారం మొహం క్రీమ్‌లో పాదరసం కలపనే కూడదు. తెలియకుండా కలిసినా పది లక్షల వంతుల్లో ఒక వంతు దాటకూడదు. మెర్క్యురీ, కలోమెల్ అన్న మాటలు కనిపిస్తే ఆ డబ్బా అక్కడే పెట్టేయండి. కనిపించకపోయినా వారంలో మొహం తెల్లబడితే ఆపి, డాక్టరుకు చూపించండి.

ఇక వంటింటి మందులు. పెరుగు, శనగపిండి పూసుకుంటే మొహం శుభ్రపడుతుంది, మంగు పోదు. నష్టమూ లేదు. నిమ్మరసం సంగతి అలా కాదు. నిమ్మచెక్కతో రుద్దుకుని ఎండలోకి వెళితే రసం తగిలిన మేరా కమిలి, కొన్నిసార్లు బొబ్బలెక్కి, ఆ చారలే నల్లగా మిగిలిపోతాయి. టూత్‌పేస్టు, వంటసోడా కూడా అదే జాబితా.

మందు మొదలుపెట్టే రోజున పగటి వెలుతురులో, ఒకే కిటికీ దగ్గర, మేకప్ లేకుండా మొహం ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత నెలకొకటి చాలు. రోజూ అద్దంలో వెతుక్కుంటే తేడా తెలియదు, ఓపిక మాత్రం తరుగుతుంది. ఎంతవరకు తగ్గితే చాలో ముందే నిర్ణయించుకోండి. పైచేయి లోపలివైపు, ఎండ సోకని చోట చూడండి. మీ అసలు రంగు అదే, వైద్యం గమ్యం కూడా అంతే. మొహం దానికంటే తెల్లబడాలని అడిగితే ఏ మంచి డాక్టరూ రాయడు. రాసేవాళ్లు దొరికితే ఈ అధ్యాయం మొదటి పేజీలోని ట్యూబే చేతికొస్తుంది.

మచ్చ పలచబడ్డాక మందులు ఒక్కొక్కటిగా తగ్గించి, వారానికి రెండు మూడు రాత్రుల వాడకానికి తెస్తారు. సన్‌స్క్రీన్ మాత్రం రోజూ, చలికాలంలోనూ, మబ్బు పట్టినా రాయాల్సిందే. మంగు తిరగబెట్టేది ఎక్కువగా వేసవిలో. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, డాక్టరుకు ఒకసారి మళ్లీ చూపించుకోవడానికి ఆ వారం సరైన సమయం. రోహిణి కార్తె దాకా ఆగితే సగం ఎండ మొహం మీద పడిపోయి ఉంటుంది.